ఉత్తరదక్షిణాల పట్టు

మాస్టారు ఆ పట్టు మొదటిసారి చూపించిన రోజు మా ఆడపడుచూ నేనూ నవ్వు ఆపుకోలేకపోయాం. కింద మనిషి వెల్లకిలా పడుకుంటుంది. పైమనిషి ఆమె తలవైపు నుంచి వచ్చి, ఛాతీ మీద ఛాతీ ఆన్చి బోర్లా పడుకుంటుంది. కిందామె కాళ్ళు అటు, పైనామె కాళ్ళు ఇటు. జియుజిట్సు కుస్తీలో దాన్ని నార్త్ సౌత్ అంటారు.

"ఉత్తరం దిక్కు తలెట్టి తొంగోకూడదంటాది మాయమ్మ," అంది మా ఆడపడుచు నా కింద నుంచి, సగం ఊపిరితో. మాస్టారు కూడా నవ్వేశారు. ఆ రోజు నుంచి మేమిద్దరం దానికి ఉత్తరదక్షిణాల పట్టు అని పేరు పెట్టుకున్నాం.

ఆ పట్టులోంచే ఒక చోక్ వస్తుంది. కిందామె మెడ చుట్టూ చెయ్యి పోనిచ్చి, మెడకి రెండు పక్కలా ఉండే రక్తనాళాల మీద బరువు పడేలా దిగాలి. సరిగ్గా పడితే నాలుగైదు సెకన్లలో కిందామె చేత్తో రెండుసార్లు తడుతుంది. దాన్ని ట్యాప్ అంటారు. తట్టగానే వదిలెయ్యాలి. మాస్టారు మొదటి రోజే చెప్పారు: మిగతావన్నీ నెమ్మదిగా నేర్చుకోవచ్చు, ఇదొక్కటి ఇవాళే నేర్చుకోండి అని.

నేను నెల్లిమర్ల దాటాక ఒక ఊళ్ళో హైస్కూల్ పీఈటీని. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడాను. మా పుట్టిల్లు శ్రీముఖలింగం దగ్గర, వంశధార నీళ్ళతో వరి పండించుకునే ఇల్లు. అత్తవారిది ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం. మా ఆయన జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెప్తారు కాబట్టి కాపురం విజయనగరంలో పెట్టాం. ఆయన చెల్లెల్ని కూడా విజయనగరమే ఇచ్చారు, బట్టల షాపు వాళ్ళింటికి. నాకన్నా నాలుగేళ్ళు చిన్న. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. నేను ఆమె భుజం దాకా వస్తాను.

రెండో కాన్పు తర్వాత ఆ పిల్ల ఆరు నెలలు గదిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. ఎవరేం అడిగినా "ఏటీ నేదు" అనేది. బిడ్డకి పాలిచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. డాక్టరుగారు మందులిచ్చారు, రోజూ కాస్త ఒళ్ళు కదపమన్నారు. అప్పటికి నేను సంవత్సరం నుంచి మాస్టారి దగ్గరికి వెళ్తున్నాను. ఒకప్పుడు జూడో ఆడినాయన, విశాఖపట్నంలో జియుజిట్సు నేర్చుకుని వచ్చి మా ఊళ్ళో ఒక మేడ మీద హాలు తీసుకుని చాపలు పరిచారు. క్లాసులో పదిమంది మగపిల్లలు, నేనొక్కదాన్ని ఆడమనిషిని. నాకూ ఒక ఆడతోడు కావాలి. మా అత్తగారిని ఒప్పించాను. ఆ పిల్ల అత్తగారిని ఒప్పించడానికి మూడుసార్లు వెళ్ళాను. "కోడలు మగాళ్ళతో కుస్తీ పడతాదేటి?" అన్నారావిడ. "నాతో పడతాదండి, మగాళ్ళతో కాదు," అన్నాను.

అలా వచ్చింది. రెండు నెలలకి ముఖం తేటపడింది. ఒకరోజు మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "వదినా, నువ్వు నేకపోతే నానేటైపోదునో," అంది. ఆ మాట నేను చాలాకాలం దాచుకున్నాను.

మాస్టారు దాపరికం లేని మనిషి. "ఈ చోక్ నాకూ అంతంతమాత్రమే వచ్చు. వీడియోలు బోలెడున్నాయి. మీ ఒంటికి ఏది పనికొస్తాదో మీరే ఏరుకోండి. తెచ్చి నాకూ చూపించండి," అన్నారు. అక్కడే మొదలైంది మా పని.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా ఆడపడుచు వాళ్ళ షాపు పైన స్టాకు గదిలో కూర్చునేవాళ్ళం. చీరల కట్టలకి ఆనుకుని, మధ్యలో ఫోను నిలబెట్టుకుని చూసేవాళ్ళం. పాప పక్కన ఉయ్యాల్లో నిద్రపోయేది. ఒక్క నార్త్ సౌత్ గురించే ఎన్ని వీడియోలున్నాయో నాకు అప్పుడు తెలిసింది. మొదట అన్నీ బాగున్నట్టే కనిపించాయి. నాలుగు వారాలు చూశాక ఒక్కొక్కటీ ఎందుకు పనికిరాదో అర్థం కావడం మొదలైంది.

ఒక పెద్ద చాంపియన్ ఉన్నాడు. ఎనిమిది భాగాల పాఠం. చక్కగా మాట్లాడతాడు, నల్లటి చాప, మంచి వెలుతురు. కానీ ఆయన ఏ పట్టు వేసినా కింద మనిషి పిండిబొమ్మలాగ పడుండేవాడు. నిజంగా మనం వేస్తే ఎవరలా పడుంటారు? మెలికలు తిరుగుతారు, గడ్డం దించుకుంటారు, చేతులు అడ్డం పెడతారు. కెమెరా పక్కనుంచి పెట్టారు. ఈ పట్టులో పక్కనుంచి చూస్తే ఒక వీపు తప్ప ఏమీ కనపడదు. అసలు పని జరిగేది చంక కింద. ఇంకో కుర్రాడున్నాడు, పాటలు పెట్టి అరనిమిషంలో అయిపోగొట్టేవాడు. అది చూసి ఉత్సాహం వస్తుంది గానీ చాప మీదకి వెళ్ళాక ఒక్క ముక్క గుర్తుండదు.

వెతగ్గా వెతగ్గా ఒక చిన్నామె దొరికింది. బ్రెజిల్ ఆవిడే అనుకుంటాను. పొట్టి, సన్నం. ఫోను ఎక్కడో పైన కట్టి తీసినట్టున్నారు, నెత్తి మీంచి కనపడుతుంది. మాట సరిగ్గా వినపడదు, వెనక కుక్క మొరుగుతూ ఉంటుంది. కింద వచ్చే ఇంగ్లీషు సగం తప్పులు. కానీ ఆమె మొదటి ఐదు నిమిషాలూ తన చోక్ ఎలా ఫెయిలవుతుందో చూపించింది. కిందామెని నిజంగానే గింజుకోమంది. ఇదిగో ఇక్కడ జారిపోయింది, ఇదిగో ఇక్కడ నా చేతులు అందలేదు అని చూపించింది. నేను అది చూసి లేచి కూర్చున్నాను.

"ఈమే కావాలి మనకి," అన్నాను.

"అంత పెద్ద చాంపియన్ని వదిలీసి ఈ బక్కామెని పట్టుకుంటావేటి వదినా?"

"ఆయన చేతులు నీ చేతుల్లాటివే. నా చేతులు సూడు. ఆ మెడ చుట్టూ తిరిగి కలుస్తాయేటి?"

"నాకైతే కలుస్తాయి మరి."

అలా పోట్లాడుకుంటూనే రెండూ నేర్చుకున్నాం. ఒక వారం చాంపియన్ పద్ధతి, ఒక వారం చిన్నామె పద్ధతి. క్లాసు అయ్యాక మగపిల్లలు వెళ్ళిపోతే అరగంట మేమిద్దరమే ఉండేవాళ్ళం. మా ఆడపడుచు ఫోను మంచిది కాబట్టి దాన్ని స్టాండుకి పెట్టి మమ్మల్ని మేమే తీసుకునేవాళ్ళం. తర్వాత చూసి తప్పులు వెతుక్కునేవాళ్ళం. నా నోటు పుస్తకంలో అవన్నీ రాసేదాన్ని. ఏ వీడియోలో ఏం బాగుంది, ఏం అబద్ధం, మా మీద ఏది పనిచేసింది, ఎందుకు. పాదాల బొమ్మలు వేసేదాన్ని. బొమ్మలు బాగా వచ్చేవి కావు, బాణం గుర్తులు మాత్రం తెలిసేవి.

నాకు ఆ చోక్ మూడు నెలలు రాలేదు. చేతుల్తో పిండేదాన్ని. చేతులు అలిసిపోయేవి గానీ ఆ పిల్లకి ఏమీ అయ్యేది కాదు, కిందనుంచి కబుర్లు చెప్పేది. ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా నాన్న ధాన్యం బస్తా దించడం చూస్తూ నిలబడ్డాను. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. దించాక బస్తా ఎవర్నీ తొయ్యదు. అలా కూర్చుంటుంది, అంతే. దాన్ని కదపడానికి ఇద్దరు కావాలి. తిరిగొచ్చాక చేతుల సంగతి వదిలేశాను. ముందు నా పక్కటెముకలు ఆమె మెడ పక్కన ఆన్చి, ఊపిరి వదులుతూ నడుము చాప మీదకి దించాను. చెయ్యి చివర్న పెట్టాను. వెంటనే తట్టింది. ఇద్దరం లేచి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నాం. ఆ వేళ పుస్తకంలో రాసుకున్నాను: బస్తా తొయ్యదు, కూసుంటాది.

ఆ వారమే క్లాసులో డిగ్రీ చదివే ఒక కుర్రాడి మీద వేశాను. నాకన్నా బాగా బరువు. తట్టాడు. హాలు అవతలి మూలనుంచి మా ఆడపడుచు, "ఓలమ్మ! మా వదినేసీసింది!" అని అరిచింది. ఆ అరుపులో కల్తీ లేదు. ఇవాళ్టికీ నేను అలాగే అనుకుంటున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి నోటు పుస్తకం అడిగింది. "రెండ్రోజులుంచుకుని ఇచ్చీస్తాను వదినా, నానూ రాసుకుంటాను." ఇచ్చాను. పెళ్ళిళ్ళ సీజను, షాపులో రద్దీ అని క్లాసుకి రావడం తగ్గించింది. ఆదివారాలు కూడా పోయాయి. నేను ఏమీ అనుకోలేదు. షాపు వాళ్ళింటికి ఆ రోజుల్లో తీరికెక్కడిది?

ఒక రెండో శనివారం, బడికి సెలవు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఆత్మరక్షణ గురించి రెండు పాఠాలు చెప్పాలనుకుని, తెలుగులో ఎవరైనా చెప్పిన వీడియోలున్నాయేమోనని మధ్యాహ్నం వెతుకుతున్నాను. ఇంగ్లీషులో చూపిస్తే పిల్లలకి అందదు. ఒకటి కనిపించింది. 'చేతులు పొట్టిగా ఉన్నా ఈ చోక్ వస్తుంది, పూర్తి తెలుగులో.' నొక్కాను.

మా హాలే. మా చాపలే. పైన మా ఆడపడుచు. కింద ఉన్న మనిషి ముఖం ఆమె ఒంటి కింద దాక్కుని ఉంది. ఆ పట్టులో కిందామె ముఖం ఎలాగూ కనపడదు. కానీ ఎడమకాలి చిటికెన వేలికి గోరు లేదు. కబడ్డీలో పోయిన గోరు అది. నా కాలు నేను గుర్తుపట్టాను.

ఆమె గొంతు కొత్తగా ఉంది. మా యాస ఒక్క మాటలోనూ లేదు. టీవీలో వార్తలు చదివే వాళ్ళలాగ, "బస్తా తొయ్యదు, కూర్చుంటుంది. ఇది నేను సొంతంగా కనిపెట్టిన చిట్కా," అంటోంది. ఏ వీడియోలు చూడాలి, ఏవి చూడకూడదు అని ఇంకో వీడియో. కెమెరా పైనుంచి ఉందా లేదా చూడండి, కిందమనిషి గింజుకుంటోందా లేదా చూడండి, ఫెయిలవడం చూపించని వాళ్ళని నమ్మకండి. నా పుస్తకంలో ఏ వరసలో రాసుకున్నానో అదే వరస. మొత్తం తొమ్మిది వీడియోలు. కింద అందరూ సూపర్ అక్కా, థాంక్యూ అక్కా అని రాశారు.

నాలుగో వీడియోలో ఒక ముక్క ఉంది. 'ఇలా చెయ్యకూడదు' అని దాని మీద ఎర్రటి అక్షరాలు. అందులో పైన ఉన్నది నేను. ముఖం దాకా రాకుండా కత్తిరించారు. మూడు నెలలు చేతుల్తో పిండుతూ ఫెయిలైన రోజుల్లో తీసుకున్నది. నా చేతులు వణుకుతున్నాయి అందులో. దాన్ని రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేదు.

అంతవరకూ కోపం ఒక్క మనిషి మీదే. చివర్న ఒక నల్లటి తెర వచ్చింది. దాని మీద తెల్ల అక్షరాలు. 'గమణిక: తెలిసినవారి పర్యవేక్షణలో మాత్రమే సాధన చేయండి.'

గమణిక. మా ఆయన గమనికని జీవితంలో ఒక్కసారి కూడా సరిగ్గా రాయలేదు. మా గేటుకి కుక్క ఉందని బోర్డు రాసినప్పుడు అదే తప్పు. కాలేజీ నోటీసు బోర్డు మీద అదే తప్పు. పెళ్ళైన కొత్తలో నేను దాని మీద ఎంత ఏడిపించానో.

ఆయన పెరట్లో స్కూటరు కడుగుతున్నారు. ఫోను తీసుకెళ్ళి ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఇది మీరు రాసిందే కదండీ?"

ఆయన గుడ్డ పిండుతూ చూశారు. పిండిన గుడ్డని మళ్ళీ పిండారు.

"అది అడిగింది. వీడియోలు కోసి అతికించడం దానికి రాదు కదా. నీకు చెప్తానంది. చెప్పలేదేటి?"

"ఎన్నాళ్ళయింది?"

"రెండు మూడు నెల్లవుతాది."

"రెండు మూడు నెల్లు నా పక్కనే కూసుని అన్నం తిన్నారు కదండీ."

ఆయన కుళాయి కట్టేశారు. "దాని ముఖం నువ్వూ చూశావు కదా అప్పుడు. ఇన్నాళ్ళకి కళొచ్చింది. రోజూ ఫోన్ చేసి అన్నయ్యా, ఇంతమంది చూశారు, ఇంతమంది రాశారు అని చెప్తాది. నీకు చెప్తే ఆపించేస్తావేమోనని భయపడ్డాది. నేనూ భయపడ్డాను."

"నేనెందుకు ఆపిస్తాను?"

"నువ్వు గట్టిదానివే. అది కాదు."

ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ఎవరో చెయ్యి పట్టుకుని ఇంటి బయట నిలబెట్టినట్టయింది. గట్టిదాన్ని కాబట్టి నాకు చెప్పక్కర్లేదు. గట్టిదాన్ని కాబట్టి నావి తీసుకోవచ్చు. అన్నాచెల్లెళ్ళిద్దరూ నా గురించి కూర్చుని మాట్లాడుకుని, దేనికి ఏడుస్తానో దేనికి ఏడవనో లెక్క తేల్చుకున్నారు. 'ఇలా చెయ్యకూడదు' అన్న ఎర్ర అక్షరాలు రాసేటప్పుడు ఆయన నా చేతులు గుర్తుపట్టలేదా? అడగలేదు. గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు?

సాయంత్రం షాపుకి వెళ్ళాను. మా ఆడపడుచు ఎవరో విప్పి చూసి వెళ్ళిన చీరలు మడతపెడుతోంది. నన్ను చూడగానే ఆమెకి అర్థమైంది. అన్నగారు ఫోన్ చేసి ఉంటారు.

"సూసీసావా వదినా?"

"నువ్వే సెప్పుంటే బాగుండును."

"సెబుదామనే అనుకున్నాను. అడిగితే వద్దనుందువు."

"అననే."

"అందువు వదినా." చీర అంచులు సరిచేస్తూ అంది. "నువ్వు నన్ను తీసికెల్లినావు. నాకు నేర్పినావు. నానెంత నేర్సుకున్నా నీ ఎనకే ఉండాల. క్లాసులో అందరూ మేడమ్‌గారి ఆడపడుచనే అంటారు. నాకో పేరు నేదేటి?"

ఆమె మనసులో అది ఉందని నాకు తెలియదు. తెలిశాక కూడా తగ్గలేదు నాకు. "సొంతంగా కనిపెట్టానని సెప్పినావే. బస్తా మాట ఎవరిది?"

"అదొక మాటే కదా. మాటలకి కూడా పేర్లుంటాయేటి?" అప్పుడు మొదటిసారి నా వైపు సూటిగా చూసింది. "నువ్వూ ఆ బక్కామె దగ్గర సూసి రాసుకున్నదే కదా వదినా. ఆమె పేరు నువ్వెక్కడైనా రాసినావేటి?"

నిజమే. నా పుస్తకం నిండా 'చిన్నామె' అనే ఉంది. ఆమె పేరు వీడియో మీద ఉంది, నేను ఒక్కసారి కూడా రాసుకోలేదు. కానీ నేనెప్పుడూ అది నాదని ఊరికి చెప్పలేదు, ఆమె ఇంట్లో మనిషినే కలుపుకుని ఆమెకి తెలియకుండా చెయ్యలేదు. ఈ మాటలు అక్కడ నోటికి రాలేదు. ఇంటికొచ్చాక వచ్చాయి.

"నా ముఖం కత్తిరించి, తప్పు సేసేదాన్ని నన్ను సేసి పెట్టినావు."

"బళ్ళో పని సేస్తావు కదా, ఇబ్బందవుతాదని ముఖం తీసీసినాడు అన్నయ్య."

మళ్ళీ అన్నయ్య.

మంగళవారం క్లాసుకి ఆమె వచ్చింది. చాలా వారాల తర్వాత. ఎందుకొచ్చిందో తెలియదు. నాకు భయపడటం లేదని చూపించుకోవడానికో, మామూలుగా ఉందామనో. ఆడవాళ్ళం ఇద్దరమే కాబట్టి మాస్టారు ఎప్పట్లాగే మమ్మల్ని జత చేశారు. ఆయనకేమీ తెలియదు. చేతులు కలుపుకుని మొదలుపెట్టాం.

ఆమె బాగా ఆడింది. నాకన్నా బలం వచ్చింది ఆమెకి. రెండు నిమిషాలు నన్ను కింద ఉంచింది. తర్వాత నేను తిరగబడి పక్కనుంచి పైకి వచ్చి, తలవైపుకి నడిచి, ఆ పట్టులోకే వెళ్ళాను. వెళ్ళకూడదని ఒక క్షణం అనిపించింది. వెళ్ళాను. పక్కటెముకలు ఆన్చి, నడుము దించి, చెయ్యి పెట్టాను.

ఆమె తట్టింది. నా వీపు మీద రెండుసార్లు, స్పష్టంగా.

నేను వదల్లేదు.

ఎంతసేపో చెప్పలేను. ఒక్క ఊపిరంత సేపు. అంతే ఉంటుంది. కానీ ఆ ఊపిరి నేను తెలిసి తీసుకున్నాను. పొరపాటు కాదు, వినపడక కాదు. ఆమె మళ్ళీ తట్టింది, ఈసారి స్పష్టంగా కాదు, కొట్టుకుంటున్నట్టు. "మేడమ్!" అని మాస్టారి కేక. వదిలాను.

ఆమె పక్కకి తిరిగి దగ్గింది. మెడ ఎర్రగా కందింది. లేచి కూర్చుని నా వైపు చూసింది. తిట్టలేదు. వెనక్కి జరిగింది, చాప మీద కూర్చునే, చేతులు ఆన్చి, రెండడుగుల మేర. నన్ను చూసి ఒక మనిషి అలా వెనక్కి జరగడం నేనెప్పుడూ ఎరగను. అంతవరకూ నేను అన్యాయం జరిగిన మనిషినని మాత్రమే అనుకుంటున్నాను.

మాస్టారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు. మీ ఇంటి గొడవలు నాకు తెలియవు, తెలియక్కర్లేదు అన్నారు. "తడితే వదుల్తారన్న నమ్మకం మీదే ఇక్కడ ఒకళ్ళ మెడ ఒకళ్ళకిస్తారు మేడమ్. ఒక నెల రాకండి." ఆయన గొంతులో కోపం లేదు. అదే కష్టంగా అనిపించింది. బ్యాగు తీసుకుని దిగిపోయాను.

ఇంటికి వెళ్ళి మా ఆయనకి నేనే చెప్పాను, ఎవరో చెప్పేలోపల. "అది చిన్నపిల్లల తల్లే," అన్నారు ఆయన. "తెలుసు," అన్నాను. మర్నాడు పొద్దున్నే ఆమదాలవలస నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు. "పీక పిసికీసావంట కదే? అలగెందుకు సేసినావే? ఏటైందే మీ ఇద్దరికీ?" వీడియోల సంగతి ఆవిడ దాకా వెళ్ళలేదు. నా సంగతి వెళ్ళింది. నేను కూడా వీడియోల గురించి చెప్పలేదు. చెప్తే, చేసిన పనికి సాకు వెతుక్కున్నట్టు ఉంటుందనిపించింది.

ఆ పొద్దున్నే బడికి వెళ్ళే ముందు షాపుకి వెళ్ళాను. అప్పుడే షట్టరు తీశారు. ఆమె మెడకి చున్నీ చుట్టుకుంది.

"తప్పు చేశానమ్మా. నువ్వు తట్టినట్టు తెలిసే వదల్లేదు. ఇంకెప్పుడూ చెయ్యను," అన్నాను.

"పరవాలేదొదినా," అంది.

నేను అక్కడే నిలబడ్డాను. ఆమె కూడా ఏదైనా అంటుందని. పెద్ద మాట అక్కర్లేదు. నేనూ అడిగుండాల్సింది వదినా అంటే చాలు. ఒకావిడ వచ్చి జాకెట్టు గుడ్డ చూపించి దీనికి కలిసే ఫాలు కావాలంది. మా ఆడపడుచు అటు తిరిగి పెట్టెలు దించడం మొదలుపెట్టింది. నా బస్సు టైమైంది.

ఇది జరిగి ఏడాది దాటింది. 'ఇలా చెయ్యకూడదు' ముక్క ఒక్కటి తీసేశారు. ఎవరు తీశారో, ఎవరు తియ్యమన్నారో నేను అడగలేదు. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. పూర్తిగా తీయించేస్తానని మా ఆయన ఒకసారి అన్నారు. వద్దన్నాను. తీసేస్తే మాత్రం నాకు తిరిగొచ్చేదేముంది? నోటు పుస్తకం మా ఆడపడుచు ఆయన చేతికిచ్చి పంపింది, షాపు కవర్లో పెట్టి. నేను అందులో మొదటి పేజీలో ఆ చిన్నామె పేరు రాశాను. ఆమె వీడియో కింద, నాకు వచ్చిన ఇంగ్లీషులో, మీ వల్ల ఇక్కడ ఒక పొట్టి టీచరు ఈ పట్టు నేర్చుకుంది అని రాశాను. ఆమె చదివిందో లేదో తెలియదు.

నెలయ్యాక క్లాసుకి వెళ్ళాను. మొదటి రోజు మగపిల్లలెవరూ నాతో జత కట్టలేదు. మాస్టారే వచ్చి నా ముందు పడుకుని, "వెయ్యండి మేడమ్," అన్నారు. వేశాను. ఆయన వేలితో తాకీ తాకకుండానే వదిలేశాను. ఇప్పటికీ అలాగే, అవసరానికంటే ముందే వదిలేస్తాను. మా ఆడపడుచు ఆ హాలుకి రావడం మానేసింది. వాళ్ళ మేడ మీదే చాపలు వేయించుకుని నలుగురు ఆడవాళ్ళకి నేర్పుతోంది. బాగా నేర్పుతోందనే విన్నాను. మా హాలుకి కూడా ఇద్దరమ్మాయిలు కొత్తగా వచ్చారు. ఆమె వీడియోలు చూసే వచ్చామన్నారు. "ఆ అక్క ఈ ఊరేనంట, మీకు తెలుసా మేడమ్?" అని అడిగారు.

"మా ఆడపడుచు," అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

ఆమదాలవలసలో ఇంట్లో శుభకార్యాలకి కలుస్తాం. పక్కపక్కన కూర్చుని కూరలు తరుగుతాం. పాప మాటలు, చీరలు, ఎండలు, అన్నీ మాట్లాడుకుంటాం. ఆమె నవ్వితే నాకూ నవ్వొస్తుంది. ఆ పిల్లని క్షమించానో లేదో నాకు తెలియదు, కానీ ఆమె ఎందుకు చేసిందో మాత్రం కొంత అర్థమైంది. మా ఆయన సంగతే ఇంకా అర్థం కాలేదు. మంచి మనిషే. నా కోసం చెయ్యనిదేమీ లేదు. కానీ ఇప్పుడు ఆయన వరండాలో కూర్చుని ఫోను చూస్తూ తనలో తను నవ్వుకుంటే, చేస్తున్న పని ఆపి, ఏమిటండీ అని అడుగుతాను. పూర్వం అడిగేదాన్ని కాదు.